దారిలో జారిన అక్షరం

“అమ్మా, తనని తలుపు దగ్గర్నుంచి తప్పుకోమను.”

అక్క మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. తడి చేతులు దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఆపరేషన్ గది తలుపుకి అడ్డంగా చెల్లెలు. ఇద్దరి మధ్యా బారెడు దూరం. ఆ బారెడులో అమ్మ.

“అక్కతో చెప్పమ్మా,” అంది చెల్లెలు, అక్క మొహం మీంచి చూపు తిప్పకుండానే. “మత్తు సూది వేస్తే గుమాస్తా మళ్ళీ లేవడని చెప్పు.”

అమ్మ పెద్దకూతురి వైపు తిరిగింది. “మత్తిస్తే లేవడంటోంది.”

“వినబడింది. కొయ్యకపోతే సాయంత్రం దాకా ఉండడని చెప్పు.”

అమ్మ చిన్నకూతురి వైపు తిరిగింది.

వినబడిన మాటనే మళ్ళీ మోసుకెళ్ళడం ఆమెకి కొత్త కాదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో మాట తనంతట తాను నడవడం మానేసింది. కింద జంతువుల ఆసుపత్రి, పైన ఇల్లు. కింద ముందు గదిలోంచి వెనక గదికీ, వెనక గదిలోంచి ముందు గదికీ అమ్మ మోస్తేనే మాట చేరుతుంది. పైనా అంతే. ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, ఉప్పు కావాలన్నా అమ్మతోనే చెప్పిస్తారు.

తలుపుకున్న అద్దంలోంచి ముసలి కుక్క గుమాస్తా కనిపిస్తున్నాడు. ఉక్కు బల్ల మీద పక్కకి ఒరిగి పడుకున్నాడు. ముందుకాలికి సెలైన్ గొట్టం. పొట్ట మీద బొచ్చు గీసేసిన చోట చర్మం బూడిదరంగులో ఉంది. ఒకప్పుడు ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ కాగితాలు సరిచూస్తున్నట్టు వాసన చూసి లోపలికి పంపేవాడు. అందుకే నాన్న ఆ పేరు పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమాస్తా ఎక్కడున్నాడని అడిగితే, బల్ల కింద గురక పెడుతున్నాడని చెప్పేవాడు. కొందరు నిజంగానే చిరాకుపడి వెళ్ళిపోయారు.

నాన్న పోయాక మిగిలినవి రెండు. గుండ్రంగా తిరిగే ఆయన స్టూలు, దాని కిందే పడుకునే గుమాస్తా.

ఇవాళ పొద్దున అమ్మ కిందికి దిగేసరికి ఆపరేషన్ గదిలో ఆ స్టూలు పక్కనే నల్లటి వాంతి. కాఫీ పొడి నీళ్ళలో కలిపి పారబోసినట్టు ఉంది. గుమాస్తా అందులోనే మూతి పెట్టుకుని పడి ఉన్నాడు. అమ్మ ముందు పెద్దకూతుర్ని పిలిచింది, తర్వాత చిన్నకూతుర్ని పిలిచింది. ఎవర్ని ముందు పిలిచిందన్నది అప్పుడే ఒక తగువైంది.

వీధిలో వాళ్ళిద్దరికీ వేరే పేర్లున్నాయి. ముందు గదిలో ఉండే అక్క కత్తి డాక్టరు. స్కాను, మాత్రలు, కుట్లు ఆమెవి. వెనక గదిలో ఉండే చెల్లెలు సూది డాక్టరు. వెంట్రుక లాంటి సూదులు, నూనెలు, బెరడు పొడులు, కషాయాలు ఆమెవి. ముందు గదిలో ప్రాణం నిలిపి, వెనక గదిలో నడక తెప్పించడం నాన్న పద్ధతి. విరిగిన కాలికి అక్క కమ్మీ వేస్తే, ఆ కాలు నేల మీద ఆనేలా చెయ్యడం చెల్లెలి పని. ఒక గదిలో మందు మొదలైతే రెండో గదికి కబురు చేరి తీరాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క నియమం. ఆయనున్నప్పుడు ఆ కబురు ఆయన చెప్పుల చప్పుడుతో పాటే వచ్చేది.

బయటి జంతువుల కబుర్లు కాంపౌండరు మోస్తాడు. ఇంటివాడైన గుమాస్తా కబురు మాత్రం అమ్మదే.

కాంపౌండరు హాల్లోంచి తల లోపలికి పెట్టాడు. బయట జనం పెరిగిపోయారనీ, ఏం చెప్పమంటారనీ అడిగాడు. పిల్లిని తెచ్చినావిడ, దాని కోపం తగ్గించే చుక్కల మందు మనుషులకి కూడా పనిచేస్తుందా, ఇంట్లో మొగుడికి కావాలి అని మూడోసారి అడుగుతోందట.

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే అక్క ముందు గదిలోనూ చెల్లెలు వెనక గదిలోనూ విడివిడిగా నవ్వి ఉండేవాళ్ళు.

“అత్యవసరం కానివాళ్ళని రేపు రమ్మను,” అంది అక్క.

అతను వెళ్ళబోతూ ఆగాడు. అద్దంలోంచి లోపలికి చూసి వెళ్ళిపోయాడు.

అక్క అమ్మకి చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలికి అర్థమయ్యేంత నెమ్మదిగా, చెల్లెలికి కాదన్నట్టు. స్కానులో కడుపు గోడ ఒకచోట మందంగా కనబడుతోంది. గడ్డ అయ్యుంటుంది. అది చితికి రక్తం కారుతోంది. చిగుళ్ళు కాగితంలా తెల్లబడ్డాయి. ఇంకా ఆలస్యం చేస్తే కొయ్యడానికి ఒంట్లో రక్తం కూడా మిగలదు.

చెల్లెలూ అమ్మకే చెప్పింది. వాడి గుండె చప్పుడు తను రోజూ చేత్తో పట్టుకుని వింటోంది. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది. ఈ వయసులో, ఇంత రక్తం పోయాక, మత్తు తట్టుకోలేడు. బల్ల మీదే పోతాడు. పైగా గడ్డేనని ఏమిటి నమ్మకం? మందమైన చోటల్లా గడ్డేనా?

“మరి రక్తం ఊరికే వస్తుందా?” అక్క గొంతు పెరిగింది. చేతులు మాత్రం గాలిలో అలాగే ఉన్నాయి. “అమ్మా, తనకి చెప్పు. వాడి కీళ్ళ నొప్పికిచ్చే పొడి తను మాన్పించాక కదా నేను మాత్రలు మొదలుపెట్టాను. నేను వేసేది పిల్లికి వేసేంత డోసు. దానికి ఇంత రక్తం రాదు. అంటే గడ్డే.”

అమ్మ తిరిగింది. కానీ ఆమె నోరు తెరిచేలోపే చెల్లెలు ఒక అడుగు ముందుకి వేసింది. తలుపు ఖాళీ అయింది. అక్క ఆ ఖాళీలోకి వెళ్ళలేదు.

“నువ్వు మాత్రలు వేస్తున్నావా?”

ఏడాది దాటింది ఆ గొంతు అక్కని నేరుగా తాకి. గదిలో ఒక్కసారిగా ఏదో ఎక్కువైనట్టూ ఏదో తగ్గినట్టూ అయింది. అక్క జవాబు చెప్పడానికి అలవాటు కొద్దీ అమ్మ వైపు తిరిగి, మధ్యలో ఆగిపోయింది.

“పొద్దున్నే రొట్టెముక్కలో పెట్టి,” అంది చివరికి, చెల్లెలితోనే. “నొప్పి మాత్ర.”

“నేను సాయంత్రాలు గంజిలో కలిపి పొడి ఇస్తూనే ఉన్నాను.”

“మాన్పించానన్నావుగా.”

“నేనెప్పుడన్నాను?”

ఇద్దరూ ఒకేసారి అమ్మ వైపు చూశారు.

గుమాస్తా ఎవరి ముద్దా కాదనడు. ఆ ఇంట్లో రెండు గదులతోనూ మాట్లాడేది వాడొక్కడే. పొద్దున ముందు గదిలో తోక ఊపి రొట్టె తిన్నాడు. సాయంత్రం వెనక గదిలో తోక ఊపి గంజి తాగాడు. రెండింటికీ ఒకటే గుణం. నొప్పి చంపుతాయి, దాంతో పాటు కడుపు లోపలి పూతని గీకేస్తాయి. విడిగా ఏదైనా వాడు తట్టుకునేవాడే. రెండూ కలిపి వాడి కడుపులో గొడవపడ్డాయి, రెండు గదుల్లో వీళ్ళు పడ్డట్టే.

“నేను చెప్పానే,” అంది అమ్మ. చెంగు చివర వేలికి చుట్టుకుంటోంది. “చిన్నది చెప్పమన్నట్టే చెప్పాను.”

ఏం చెప్పమన్నానని చెల్లెలు అడిగింది. అమ్మ గుర్తు తెచ్చుకుంది. ఆవేళ వెనక గదిలో ఒక ముసలి పిల్లి వీపు నిండా సూదులతో పడుకుని ఉంది. అది బెదురుతుందని చిన్నది గుసగుసగా చెప్పింది. వాడి కీళ్ళ జబ్బు నా పొడితో మాన్పిస్తాను, అక్కకి చెప్పు అని. అమ్మ ముందు గదికి వెళ్ళింది. అక్కడ పెద్దది ఒక బొచ్చుకుక్కకి మెషిను పెట్టి జుట్టు తీస్తోంది. మెషిను హోరు. పక్కన ఇంకొకటి మొరుగుతోంది.

“నాకేమని చెప్పావు?”

“అదే. పొడితో మాన్పిస్తుందట అని.”

“పొడి మాన్పిస్తుందట అన్నావు. నేను సరేనన్నాను.”

“పొడితో...” అమ్మ ఆగింది. పెదవులు ఆ మాటని శబ్దం లేకుండా రెండు విధాలా పలికి చూసుకున్నాయి. “తో అన్నాననే అనుకుంటున్నాను. అనలేదేమో. నాకు తెలీటం లేదే.”

ఒక్క అక్షరం. వెనక గదికీ ముందు గదికీ మధ్య ఉన్న నడవాలో ఎక్కడో జారిపోయింది. అమ్మ నోట్లోంచి జారిందో, అక్క చెవి దగ్గర జారిందో, ఇక ఎవరికీ తెలియదు. పొడితో మాన్పించడం బాగుచెయ్యడం. పొడి మాన్పించడం ఆపెయ్యడం. బాగుచేస్తానన్నది ఆపేస్తానని చేరింది.

అక్క ఎత్తి పట్టుకున్న చేతులు నెమ్మదిగా కిందికి దించింది. కడుక్కున్నదంతా వృథా అయ్యేలా పక్కనున్న గోడని పట్టుకుంది.

“గడ్డ కాకపోవచ్చు,” అంది. “పుండు పడి వాచినా గోడ అలాగే మందంగా కనబడుతుంది.”

“కాకపోవచ్చు,” అంది చెల్లెలు. “అయినా అవ్వచ్చు.”

ఆ చివరి మాట చెప్పాల్సిన అవసరం ఆమెకి లేదు. గెలిచిన మనిషి అనే మాట కాదది. అక్క తలెత్తి ఆమెని చూసింది. ఇప్పుడు నిర్ణయం తీసుకోవలసింది తను. గడ్డే అయితే, ఆగినందుకు వాడు పోతాడు. పుండే అయితే, కోసినందుకు పోతాడు. ఏది తప్పినా చంపింది తనే అవుతుంది.

“సాయంత్రం దాకా చూద్దాం,” అంది అక్క. “నీదీ నాదీ రెండూ బంద్. నువ్వు లోపలికి రా. నాకు ఇంకో నరం కావాలి, దొరకటం లేదు.”

చెల్లెలు వచ్చింది. అమ్మ మధ్యలో లేకుండా ఇద్దరూ ఒకే గదిలోకి వెళ్ళడం అమ్మ నడవాలో నిలబడి చూసింది.

నరాలు పూడుకుపోయాయి. అక్క బొచ్చు గీసి, పట్టీ బిగించి, వేలితో తడుముతూనే ఉంది. చెల్లెలు గుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండి, ముందుకాలి చుట్టూ చుట్టింది. అరచేత్తో పైనుంచి కిందికి నిమురుతూ, గుమాస్తా చెవిలో ఏవో పిచ్చి మాటలు చెప్పింది. ఆఫీసుకి టైమవుతోంది లేవరా, సంతకాలు పెట్టాల్సినవి చాలా ఉన్నాయి అని. నాన్న అనే మాటలే అవి. అక్క విననట్టు ఉండిపోయింది. కాసేపటికి చర్మం కింద సన్నటి నీలిగీత లేచింది.

“అలాగే పట్టుకో,” అంది అక్క.

సూది దిగింది. ఆమ్లం తగ్గించే ఇంజెక్షను వెళ్ళింది. కడుపు లోపల పూత పూసే తెల్లటి మందుని చెల్లెలు సిరంజితో బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా పోసింది. వాడు మింగాడు. మింగిన ప్రతిసారీ ఇద్దరూ ఊపిరి బిగబట్టి వాడి గొంతునే చూశారు, వాంతి వస్తుందేమోనని.

రాలేదు.

తర్వాత చెయ్యడానికేమీ మిగల్లేదు. ఎదురు చూడటమే.

కాంపౌండరు హాలు ఖాళీ చేయించి ముందు తలుపు జారేశాడు. వీధి చప్పుడు వెనక్కి తగ్గింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి బల్ల కాళ్ళ దగ్గర ఆగింది. సెలైన్ చుక్కలు పడుతున్నాయి. అక్క గోడకానుకుని ఉంది. చెల్లెలు గుమాస్తా తల పక్కన నిలబడి, రెండు వేళ్ళతో చెవి మొదలు దగ్గర మెల్లగా రాస్తోంది. ఇలా రాస్తే వికారం తగ్గుతుందని ఆమె నమ్మకం. మామూలప్పుడైతే అక్క ఆ చోటు ఏ పుస్తకంలో ఉందో అమ్మతో అడిగించేది. ఇవాళ అడగలేదు. గుండె కొట్టుకునే వేగం తెర మీద తగ్గుతూ వస్తోంది. అది ఆ వేళ్ళ వల్లనా, తన ఇంజెక్షను వల్లనా అని తేల్చుకోవాలని ఆమెకి అనిపించలేదు.

కిటికీ వైపు తిరిగినప్పుడు ఆమెకి స్టూలు కనిపించింది.

నాన్న స్టూలు మీద ఎవరూ కూర్చోరు. తీసేద్దామని ఎవరూ అనరు. అయితే దానికో అలవాటుంది. రాత్రి కాంపౌండరు గోడవైపు తిప్పి పెట్టి వెళ్తాడు. పొద్దున అది ఇంకెటో తిరిగి ఉంటుంది. దాని వెనకవైపు చిన్న ఆనుడు చెక్క ఉండటం వల్ల అది ఎటు చూస్తోందో తెలిసిపోతుంది. గుమాస్తా వీపు రాసుకుంటాడు, అందుకే తిరుగుతుంది అని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. అలా అనుకోవడం అందరికీ హాయిగా ఉండేది.

ఇప్పుడది బల్ల వైపు తిరిగి ఉంది.

“దీన్ని నువ్వు కదిపావా?” అని అక్క కాంపౌండర్ని పిలిచి అడిగింది.

తను పొద్దున వాంతి తుడిచినప్పుడు గోడవైపే తిప్పి పెట్టానన్నాడు. తర్వాత ఈ గదిలోకి రాలేదన్నాడు. గుమాస్తా పొద్దున్నుంచీ బల్ల మీదే ఉన్నాడు కదా అని తనే అన్నాడు. ఆ మాట అన్నాక అతనికి తుడవాల్సిన పని వేరేచోట గుర్తొచ్చింది.

చెల్లెలు స్టూలు వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతోందని అక్కకి తెలిసింది.

అక్క మనసు మాత్రం ఆ అక్షరాన్ని వదల్లేదు. ఒకే అంతస్తులో, ఒకే నడవాలో, పది అంగలు దాటేలోపు ఒక అక్షరం జారిపోయింది. మరి పై అంతస్తు నుంచి కిందికి వచ్చిన మాట సంగతేమిటి?

ఆమె ఆ ఆలోచనని తోసెయ్యబోయింది. అది వెనక్కి వచ్చింది.

నాన్న వెనక గదిలో పడిపోయాడు. అప్పుడక్కడ చెల్లెలు ఒక్కతే ఉంది. అరుపు విని అందరూ వెళ్ళేసరికి ఆయన నేలమీద ఉన్నాడు, మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. మనుషుల ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక పై గదిలో పడుకోబెట్టారు. డాక్టర్లు రాసిన మాత్రలు ఒకవైపు, చెల్లెలు కాచే కషాయం ఇంకోవైపు. ఆయన మాట సగం నోటితో వచ్చేది. అది అమ్మకే అర్థమయ్యేది. ఒకరోజు అక్క కింద ఆపరేషన్‌లో ఉండగా అమ్మ మెట్లు దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. దాన్ని మాన్పించమంటున్నారు మీ నాన్న అని చెప్పింది. చేతులు రక్తంలో ఉన్న అక్క తల తిప్పకుండానే అయితే కషాయం ఆపెయ్యమంది. సాయంత్రం చెల్లెలు గ్లాసు పట్టుకుని పైకి వెళితే, నాన్న అక్కర్లేదన్నారని అమ్మ చెప్పింది. ఆయన వారం తిరక్కుండానే పోయాడు.

నాన్న నా మందు వద్దన్నారు అన్న మాట ఆ రోజునుంచీ చెల్లెలి గొంతులో ముల్లులా ఉండిపోయింది. చెప్పించింది అక్కేనని ఆమె నమ్మకం. నాన్నే అన్నారు, నేనేం చెయ్యను అని అక్క పట్టుదల. రెండు గదులూ అప్పుడు విడిపోయాయి.

“అమ్మా,” అంది అక్క.

అమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఇద్దరిలో ఎవరికి ఏం చేరవెయ్యాలో అన్నట్టు చూసింది.

“ఆ రోజు పైనుంచి వచ్చి నాకు చెప్పావే. నాన్న మాన్పించమన్నారని. ఆయన అన్నదేమిటి? నువ్వు నాకు చెప్పింది కాదు. ఆయన నోటితో అన్నది.”

చెవి దగ్గర కదులుతున్న చెల్లెలి వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. “ఇప్పుడెందుకది?” అంది మెల్లగా.

“ఇప్పుడే కావాలి.”

అమ్మ చెంగు మళ్ళీ వేలికి చుట్టుకుంది. దాన్ని మాన్పించు అన్నారు, అదే చెప్పాను అంది. దాన్ని అంటే కషాయాన్ని అనుకున్నానంది. గ్లాసు అక్కడే ఉంది కదా. ఆయన దానివైపు చూశారా అని అక్క అడిగింది. చూశారో లేదో అమ్మకి తెలియదు. ఆయన కళ్ళు ఆ రోజుల్లో ఎటు చూస్తున్నాయో ఎవరికి తెలుసు అంది.

“ఎలా అన్నారో అలా అను.”

“ఎలా అనను? ఆయనకి సగం నోరు పలికేది కాదు.”

“అలాగే అను.”

అమ్మ ఎక్కడైనా కూర్చోవాలన్నట్టు చుట్టూ చూసింది. గదిలో ఉన్నది ఒకటే. ఆమె వెళ్ళి నాన్న స్టూలు మీద కూర్చుంది. ఆయన పోయాక దాని మీద మనిషి బరువు పడటం అదే మొదటిసారి. అది కిర్రుమంది. ఆయన కూర్చోగానే చేసే అదే చప్పుడు.

బల్ల మీద గుమాస్తా చెవి ఒకటి లేచింది.

అమ్మ కుడి అరచేత్తో తన నోటిని సగం మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది. మిగిలిన సగం నోటితో, గొంతు బాగా కిందికి దించి, ఆయన దిండు మీద తల ఎలా కదిల్చేవాడో అలా కదిల్చి, ఆ మాట అంది.

అది అమ్మ గొంతు కాదు. ఆమెతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు ఆమెలో ఏ మూల నిలవ ఉందో అది బయటికి వచ్చింది. పొడిగా, కింది పెదవి మీద జారుతూ, మధ్యలో ఒకచోట ముక్కులోకి పోయి తిరిగి వచ్చింది. చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది.

టప్.

ఉక్కు మీద ఏదో తగిలింది. మళ్ళీ టప్. మళ్ళీ.

గుమాస్తా తోక. పొద్దున్నుంచీ చచ్చినట్టు వేలాడుతున్న తోక బల్లని కొడుతోంది. వాడు తల ఎత్తలేకపోయాడు. కళ్ళు మాత్రం తిప్పి స్టూలు వైపు చూస్తున్నాడు. అమ్మ మీదికి కాదు, అమ్మ తలకి కాస్త పైకి. నాన్న అక్కడ కూర్చుంటే ఆయన మొహం ఉండే ఎత్తుకి.

అక్క ముందుకి వంగి వాడి పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ళ మీద చాలా లేత రంగు. గులాబీ అనలేం. తెలుపు మాత్రం కాదు.

“అది మాన్పించు కాదమ్మా,” అంది చెల్లెలు.

అక్క తలెత్తింది.

“మళ్ళీ అను,” అంది అక్క.

“నేను మళ్ళీ అనలేనే.” అమ్మ చెయ్యి నోటి మీంచి తియ్యలేదు. వేళ్ళ మీదుగా కన్నీళ్ళు దిగుతున్నాయి. “నాకూ ఇప్పుడే వినబడింది.”

దాన్ని మన్నించు.

మాన్పించు కాదు. మన్నించు. సగం నోటితో నాన్న అన్నది అది. మెట్లు దిగేలోపు మాట మారిపోయింది. కషాయాన్ని ఎవరూ మన్నించరు. ఆ ఇంట్లో నాన్న అది, దాన్ని అని పిలిచే మనిషి ఒక్కతే ఉంది. మా చిన్నది, అది ఏం చేస్తోంది, దాన్ని పిలు అని రోజుకి పదిసార్లు అనేవాడు.

అక్కకి ముందుగా కలిగింది తేలిక. నాన్న చెల్లెలి మందు వద్దనలేదు. తను ఆపించింది ఆయన ఆపమని అడగని మందుని. ఆ తప్పు ఎంత పెద్దదో కొలుచుకోవడానికి ఆమె తయారైంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆ మాట అనడానికి ఒక అడుగు కూడా వేసింది.

ఆ అడుగులోనే రెండో ఆలోచన వచ్చింది.

ఊరికే ఎవరూ మన్నించమనరు. చావు దగ్గర పడి, సగం నోటితో, మిగిలిన ఊపిరంతా పెట్టి ఊరికే అనే మాట కాదది.

“నిన్ను మన్నించమన్నారు,” అంది అక్క. నెమ్మదిగానే అంది. “దేనికి?”

గుమాస్తా చెవి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. చెల్లెలి మొహంలో పొద్దున్నుంచీ కొద్దికొద్దిగా చేరుతూ వచ్చిన రంగంతా ఒక్కసారి దిగిపోయింది. బల్ల మీద కుక్క చిగుళ్ళు పొద్దున ఎలా ఉన్నాయో అలా అయింది.

“చెప్పు. వెనక గదిలో నాన్న పడిపోయిన రోజు ఏం జరిగింది?”

తోక చప్పుడు సాగుతూనే ఉంది. స్టూలు వైపు చూస్తూ, అలిసిపోతూ, ఆగకుండా.

చెల్లెలు అక్క మీంచి చూపు తీసేసింది. తడిగుడ్డ తీసి మడత పెట్టింది. మడత విప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

“అమ్మా,” అంది. “అది అడగొద్దని అక్కతో చెప్పు.”

అమ్మ స్టూలు మీంచి లేవలేదు. ఎవరి వైపూ తిరగలేదు. ఏడాదిగా ఒక్క మాటా వదలకుండా మోసిన మనిషి, ఆ ఒక్క మాటని మాత్రం ఎక్కడికీ చేర్చకుండా, చిన్నకూతురి మొహంలోకే చూస్తూ కూర్చుంది.